పలుకు ఎవరిది?

సాంఘిక మాధ్యమాలలో మనిషిని పోలిన మర ఖాతాలు

2025 మే 1వ తేదీన అరిజోనా రాష్ట్రంలోని మారికోపా కౌంటీ న్యాయస్థానంలో ఒక మృతుడు మాట్లాడాడు. అతడు సైన్యంలో పనిచేసి వచ్చినవాడు. చనిపోయేనాటికి వయసు 37 సంవత్సరాలు. 2021 నవంబరులో చాండ్లర్ నగరంలో ఒక ఎర్రదీపం దగ్గర కార్లు ఆగి ఉండగా ఇద్దరు వాహనచోదకుల నడుమ రేగిన కోపం తుపాకి దాకా పోయి అతడి ప్రాణం తీసింది. మూడున్నరేళ్ల తరువాత, నేరస్థుడికి శిక్ష విధించే రోజున, మృతుడి సోదరి, ఆమె భర్త కలిసి కంప్యూటరు సాయంతో అతడి ముఖాన్నీ, గొంతునూ తిరిగి నిర్మించి న్యాయస్థానం ముందుంచారు. తెరపై కనిపించిన ఆ రూపం ముందుగా తాను కృత్రిమ మేధతో తయారైన ప్రతిరూపాన్ని మాత్రమేనని చెప్పుకున్నది. ఆ తరువాత, తనను కాల్చినవాడిని ఉద్దేశించి క్షమను గురించి మాట్లాడినది.

న్యాయమూర్తి కదిలిపోయారు. ఆ మాటలు తనకు నచ్చాయని తీర్పు చెప్పే సమయంలోనే అన్నారు. ప్రభుత్వ న్యాయవాదులు తొమ్మిదిన్నర సంవత్సరాల శిక్ష కోరగా పదిన్నర సంవత్సరాలు విధించారు. ఐతే ఆ మాటలను రాసినది మృతుడు కాదు, అతడి సోదరి. నిందితుణ్ణి తాను ఇంకా క్షమించలేకపోతున్నానని ఆమె చెప్పుకున్నారు. తన తమ్ముడే బ్రతికి ఉంటే క్షమించేవాడన్న నమ్మకంతో ఆ వాక్యాలు కూర్చారు. ముఖం ఒకరిది, పలుకు మరొకరిది, గొంతు యంత్రానిది. అది యంత్రంతో తయారైన రూపమన్న సంగతిని న్యాయస్థానంలో ఆ రూపమే మొదట చెప్పుకున్నది.

న్యాయస్థానం బయట సంగతి వేరు. ప్రతి ఇంటిలో, ప్రతి చేతిలో ఉన్న చిన్న తెర మీద రోజుకు వందలాది ముఖాలు పలకరిస్తున్నాయి, వాదిస్తున్నాయి, పొగుడుతున్నాయి, దూషిస్తున్నాయి. వీటిలో మనుషులెవరో, యంత్రాలేవో ఎవరూ చెప్పడం లేదు. ఈ యంత్రాలు ఎలా పనిచేస్తాయి? వాటివల్ల సమాజానికి, ముఖ్యంగా రెండు ఖండాల మధ్య జీవించే తెలుగు కుటుంబాలకు, కలిగే మేలుకీడులేమిటి? ఈ విషయాలను పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మర ఖాతా అంటే ఏమిటి?

ఫేస్‌బుక్, ఎక్స్, ఇన్‌స్టాగ్రామ్ వంటి సాంఘిక మాధ్యమాలలో మనిషి చేయి తగలకుండా కంప్యూటరు ప్రోగ్రాము నడిపే ఖాతాను బాట్ అంటారు. మరమనిషి అన్న మాట తెలుగులో ఎప్పుడో స్థిరపడినది కనుక వీటిని మర ఖాతాలు అనడం సబబు. మర ఖాతాలన్నీ చెడ్డవి కావు. భూకంపం రాగానే తీవ్రతను ప్రకటించేవి, తుఫాను హెచ్చరికలను అందించేవి, విమానాల రాకపోకలను తెలిపేవి ఎన్నో ఉన్నాయి. అవి తమ పేరులోనే తాము యంత్రాలమని చెప్పుకుంటాయి. చిక్కు అంతా ముసుగు వేసుకున్న వాటితోనే. ఒక పేరు, ఒక ఊరు, నవ్వుతున్న ఒక ఫొటో, ఇద్దరు పిల్లలు, ఒక కుక్కపిల్ల, కొన్ని రాజకీయాభిప్రాయాలు పెట్టుకుని, మనుషుల మధ్యకు మనిషిలా వచ్చి కూర్చునేవి ఇవి.

యంత్రం మనిషిలా మాట్లాడగలదా అన్న ప్రశ్న కొత్తది కాదు. 1950లో ఆంగ్ల గణిత శాస్త్రవేత్త ఎలన్ ట్యూరింగ్ ఒక పరీక్షను ప్రతిపాదించాడు. తెర చాటున ఉన్నది మనిషో యంత్రమో రాతపూర్వకమైన సంభాషణ ద్వారా తేల్చుకోలేకపోతే, ఆ యంత్రం ఆలోచిస్తున్నదని ఒప్పుకోవచ్చునన్నది ఆ పరీక్ష సారాంశం. 1966లో ఎమ్.ఐ.టి.లో జోసెఫ్ వైజెన్‌బామ్ ఎలైజా అనే ప్రోగ్రామును ప్రకటించాడు. అది ఎదుటివారి వాక్యాన్నే కొంచెం తిప్పి ప్రశ్నగా అడిగేది. ‘మా అమ్మ గుర్తుకొస్తున్నది’ అంటే, ‘మీ అమ్మను గురించి ఇంకా చెప్పండి’ అనే తరహా. దానికి అర్థం చేసుకునే శక్తి ఏమాత్రం లేదు. అయినా దానిని తయారు చేయడం మొదటి నుంచీ చూసిన వైజెన్‌బామ్ కార్యదర్శే, దానితో ఏకాంతంగా మాట్లాడుకోవాలి, కాస్త బయటకు వెళ్లమని ఆయనను కోరినదట. ఆ సంఘటన ఆయనను కలవరపరచింది. యంత్రం తెలివి కంటే, దానికి తెలివిని ఆపాదించే మనిషి స్వభావమే ఆయనకు భయం కలిగించింది. తరువాతి జీవితమంతా ఆయన ఈ విషయంలో హెచ్చరికలు చేస్తూనే గడిపాడు.

సరిగ్గా ఆ 1966లోనే చిత్తూరు జిల్లా కాటూరు గ్రామంలో పుట్టిన దబ్బల రాజగోపాల రెడ్డి, అంటే రాజ్ రెడ్డి, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పుచ్చుకున్నారు. యంత్రం మనిషి మాటను విని గుర్తించే విద్యకు పునాదులు వేసినవారిలో ఆయన ప్రముఖులు. ట్యూరింగ్ పేరిట ఇచ్చే పురస్కారం 1994లో ఆయనకు, ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌కు సంయుక్తంగా లభించింది. చదువు రానివారికి కూడా యంత్రం సేవలు అందాలంటే అది మాటను అర్థం చేసుకోవాలని రాజ్ రెడ్డి ఆశయం. ఆ విద్యయే నేడు మంచికీ ఉపయోగపడుతున్నది, వంచనకూ ఉపయోగపడుతున్నది. కత్తి కూర తరగడానికీ పనికివస్తుంది, గొంతు కోయడానికీ పనికివస్తుంది.

యంత్రం ఎలా మాట్లాడుతుంది?

తొలినాటి మర ఖాతాలు చిలక పలుకులు పలికేవి. ముందుగా రాసి పెట్టుకున్న పది పదిహేను వాక్యాలను తిప్పి తిప్పి వల్లించేవి. వాటిని పట్టుకోవడం కష్టం కాదు. అవి నిద్రపోవు, రాత్రి మూడు గంటలకూ, మధ్యాహ్నం మూడు గంటలకూ ఒకే వేగంతో రాస్తాయి. వందల ఖాతాలు ఒకే రోజున పుట్టి ఉంటాయి. ఒకే వాక్యం, ఒకే అక్షరదోషంతో సహా, నలభై నోళ్లలో వినిపిస్తుంది.

2022 తరువాత పరిస్థితి మారిపోయింది. పెద్ద భాషా నమూనాలు జనసామాన్యానికి అందుబాటులోకి వచ్చాయి. వీటి పనితీరు సూత్రప్రాయంగా సులభమైనదే. కోట్లాది పుటల రాతను చదివించి, ఒక మాట తరువాత ఏ మాట వచ్చే అవకాశం ఎంత ఉన్నదో లెక్కగట్టడం నేర్పుతారు. ‘ఇల్లు అలకగానే’ అన్న తరువాత ‘పండుగ’ అన్న మాట రావడానికి అవకాశం ఎక్కువ. ‘పరీక్ష’ అన్న మాట రావడానికి తక్కువ. ఈ లెక్కను ఒక్కొక్క మాటకూ వేసుకుంటూ పోతే వాక్యం అవుతుంది, పేరా అవుతుంది, అభిప్రాయం వంటిది ఒకటి తయారవుతుంది. దాని వెనుక అనుభవం లేదు. అది ఎన్నడూ ఆకలి ఎరుగదు, ఎవరినీ పోగొట్టుకోలేదు. కాని ఆకలిని గురించీ, దుఃఖాన్ని గురించీ మనుషులు రాసినదంతా దానికి కంఠస్థం. కావలసిన యాసలో, కావలసిన వయసులో, కావలసిన కోపంతో అది మాట్లాడగలదు. లోకంలో లేని మనిషి ఫొటోను కూడా కంప్యూటరే గీసి ఇస్తుంది.

ఈ కారణం చేత తెలుగువారికి ఇంతకాలం తెలియకుండానే లభించిన ఒక రక్షణ కూడా సడలిపోతున్నది. నిన్నమొన్నటి వరకు మోసపు సందేశాలు ఎక్కువగా ఇంగ్లీషులోనో, కర్తకూ క్రియకూ పొంతన లేని అనువాదపు తెలుగులోనో వచ్చేవి. ‘ప్రియమైన వినియోగదారు, మీ ఖాతా మూసివేయబడుతోంది’ అన్న వాక్యం చదవగానే అది మన ఇంటి మనిషి రాసినది కాదని తెలిసిపోయేది. ఇప్పుడు యంత్రం పెద్దవారిని ‘మీరు’ అంటున్నది, చిన్నవారిని ‘ఏరా’ అంటున్నది. భాష తెలిసినంత మాత్రాన మనిషి అయిపోడని గుర్తించవలసిన కాలం వచ్చింది.

ఎన్ని ఉన్నాయి? ఏమి చేస్తాయి?

2017లో ఇండియానా, సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాల పరిశోధకులు నాటి ట్విటర్‌లో చురుకుగా ఉన్న ఖాతాలలో 9 నుండి 15 శాతం వరకు మర ఖాతాలేనని అంచనా వేశారు. 2019 మొదటి మూడు నెలలలో ఫేస్‌బుక్ తొలగించిన దొంగ ఖాతాలు సుమారు 220 కోట్లు. అప్పటికి ఆ మాధ్యమాన్ని నెలకొక్కసారైనా వాడేవారి సంఖ్య సుమారు 240 కోట్లు. అంటే ఉన్న జనాభాకు ఇంచుమించు సమానమైన దొంగ జనాభా మూడు నెలలలో వచ్చి తలుపు తట్టినదన్నమాట. చాలావాటిని పుట్టిన నిమిషాలలోనే తొలగించారు. ఐనా వాడుకలో ఉన్న ఖాతాలలో 5 శాతం దొంగవి కావచ్చునని సంస్థే చెప్పుకున్నది.

వీటి బలం వాదనలో కంటే సంఖ్యలో ఎక్కువగా ఉంటుంది. సంతలో ఏ అంగడి దగ్గర జనం గుమిగూడితే అక్కడికే మరికొందరు వెళతారు. నలుగురు మెచ్చినది మంచిదని అనుకోవడం మనిషికి సహజం. పాత నాటకాల వాళ్లు చప్పట్లు కొట్టడానికి మనుషులను కూర్చోబెట్టినట్లు, మర ఖాతాలు ఒక అబద్ధం పుట్టిన తొలి నిమిషాలలోనే దాన్ని వందలసార్లు మెచ్చుకుని, పంచిపెట్టి, అది లోకమంతా మాట్లాడుకుంటున్న విషయమన్న భ్రమ కలిగిస్తాయి. 2018లో ఇండియానా విశ్వవిద్యాలయం వారు సుమారు 1 కోటి 40 లక్షల సందేశాలను పరిశీలించి, నమ్మదగని వార్తలు వ్యాపించడంలో మర ఖాతాల పాత్ర సరిగ్గా ఈ తొలి క్షణాలలోనే ఎక్కువగా ఉన్నదని తేల్చారు.

ఐతే అదే సంవత్సరం సైన్స్ పత్రికలో వచ్చిన మరొక అధ్యయనం అద్దాన్ని మన వైపు తిప్పింది. ఎమ్.ఐ.టి. పరిశోధకులు 2006 నుండి 2017 వరకు ట్విటర్‌లో తిరిగిన సుమారు 1,26,000 కథనాలను పరిశీలించారు. నిజం కంటే అబద్ధాన్ని ఇతరులకు పంచే అవకాశం 70 శాతం ఎక్కువగా ఉన్నట్లు తేలింది. మర ఖాతాలను లెక్కలోంచి తీసివేసి చూసినా ఫలితం మారలేదు. నిప్పు అంటించడంలో యంత్రానికి పాత్ర ఉండవచ్చు; గాలి విసిరినది మాత్రం మనుషులే. కొత్తది, వింతది, కోపం తెప్పించేది కనిపించగానే నిజమో కాదో చూడకుండా పదిమందికి పంపే అలవాటు మనదే.

మనిషే మర అయినప్పుడు

చాండ్లర్‌కు ఇరుగుపొరుగున ఉన్న ఫీనిక్స్ ప్రాంతంలో 2020లో జరిగిన ఒక సంఘటన ఈ విషయాన్ని మరొక కోణంలో చూపుతుంది. ఆ ఏడాది సెప్టెంబరులో వాషింగ్టన్ పోస్ట్ పత్రిక ఒక కథనం ప్రచురించింది. వేల సంఖ్యలో ఒకే రకమైన రాజకీయ వ్యాఖ్యలు సాంఘిక మాధ్యమాలలో కనిపిస్తుండగా, అవి మర ఖాతాలేమోనని అనుమానించి ఆరా తీస్తే, వాటి వెనుక అరిజోనాలోని యువతీ యువకులు ఉన్నారని తేలింది. కొందరికి 18 ఏళ్లయినా నిండలేదు. వాక్యాలు పైనుండి వచ్చేవి, యంత్రం పట్టుకోకుండా మొదలూ చివరా కొద్దిగా మార్చి అతికించడం వీరి పని, దానికి జీతం. టర్నింగ్ పాయింట్ యాక్షన్ అన్న రాజకీయ సంస్థ కోసం ఈ పని జరిగింది. వారు నిజమైన కార్యకర్తలేనని, అది నిజాయితీతో కూడిన రాజకీయ ప్రచారమేనని ఆ సంస్థ సమాధానమిచ్చింది. అక్టోబరులో ఫేస్‌బుక్ ఆ పనిని నడిపిన ర్యాలీ ఫోర్జ్ అన్న ప్రచార సంస్థను నిషేధించి, 200 ఖాతాలను, 55 పేజీలను, 76 ఇన్‌స్టాగ్రామ్ ఖాతాలను తొలగించింది.

ఇక్కడ యంత్రం మనిషి వేషం వేయలేదు. మనిషే యంత్రంగా మారాడు. ఒకరి మాటను మరొకరు తన స్వంత మాటగా పలికారు. చదివేవారికి మాత్రం ఇవి ఇరుగుపొరుగు పిల్లల మనసులోంచి వచ్చిన అభిప్రాయాలుగానే తోచాయి.

దీని కంటే విషాదకరమైన సంఘటన 2024 మే నెలలో విశాఖపట్నంలో వెలుగుచూసింది. డేటా ఎంట్రీ ఉద్యోగాలని ఆశ చూపి సుమారు 150 మంది విశాఖ యువకులను దళారులు కంబోడియాకు తరలించినట్లు నగర పోలీసులు ప్రకటించారు. అక్కడ వారిని నిర్బంధించి, దొంగ పేర్లతో, దొంగ ఫొటోలతో స్వదేశంలోని వారితో స్నేహాలు, ప్రేమలు నటింపజేసి డబ్బు కాజేసే పని చేయించారు. మే నెల ఇరవయ్యో తేదీ ప్రాంతంలో అక్కడి భారతీయులు తిరగబడ్డారు. భారత రాయబార కార్యాలయం జోక్యంతో కొందరు ఆ నెలలోనే విశాఖ విమానాశ్రయంలో దిగి తల్లిదండ్రులను చేరుకున్నారు. ఇటు మోసపోయినది మన మనిషి. అటు, తలుపులు వేసిన గదిలో కూర్చుని ఆ మోసపు మాటలు టైపు చేసినదీ మన పిల్లవాడే. దొంగ ఖాతాను తిట్టుకునేటప్పుడు ఈ సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ముఖం వెనుక ఎవరున్నారన్నది ఒక ప్రశ్న. ఆ మనిషి వెనుక ఎవరున్నారన్నది అసలు ప్రశ్న.

అడగకుండా చేసిన ప్రయోగం

2025 ఏప్రిల్‌లో మరొక విషయం బయటపడింది. స్విట్జర్లండ్‌లోని జూరిక్ విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధకులు, రెడిట్ అన్న మాధ్యమంలో, అభిప్రాయాలను పరస్పరం చర్చించుకుని మార్చుకునే ఒక బృందంలోకి కృత్రిమ మేధ నడిపే ఖాతాలను నాలుగు నెలల పాటు ప్రవేశపెట్టారు. అవి 1,700లకు పైగా వ్యాఖ్యలు రాశాయి. ఒకచోట అత్యాచార బాధితుడిగా, మరొకచోట మనోవ్యథకు చికిత్స చేసే సలహాదారుగా, ఇంకొకచోట నల్లజాతీయుడిగా చెప్పుకున్నాయి. ఆ బృందంలోని సభ్యులకు ముందుగా చెప్పలేదు, అనుమతి అడగలేదు. సంగతి తెలిసిన తరువాత పెద్ద నిరసన వచ్చింది. విశ్వవిద్యాలయం పరిశోధకుడిని హెచ్చరించింది. ఫలితాలను ప్రచురించబోమని పరిశోధకులు విరమించుకున్నారు.

ఇటువంటి ప్రయోగాలు జరగకపోతే యంత్రం శక్తి ఎంతో తెలిసేదెలా అని కొందరు వాదించవచ్చు. ఆ వాదనలో కొంత బలం ఉన్నది. కాని ఒక బాధితుని అనుభవం విని కన్నీరు పెట్టుకున్న పాఠకుడు, అది ఎవరి అనుభవమూ కాదని తెలిసిన మరునాడు, నిజమైన బాధితుడి మాటను కూడా నమ్మలేడు. నాన్నా పులి కథలో పిల్లవాడు అబద్ధమాడి తన ప్రాణం మీదకే తెచ్చుకున్నాడు. ఇక్కడ అబద్ధమాడినది ఒకరు, నమ్మకం పోగొట్టుకునేది మరొకరు.

ఇంటి గడప దాటి

ప్రవాసాంధ్రుల ఇళ్లలో ఈ సమస్య ప్రత్యేకమైన రూపం ధరిస్తుంది. బిడ్డలు ఒక దేశంలో, తల్లిదండ్రులు మరొక దేశంలో ఉన్న కుటుంబాలలో బంధుత్వమంతా ఫోను తెర మీదనే నడుస్తుంది. గొంతే మనిషి, ఫొటోయే రూపం. అందుచేత గొంతునూ, రూపాన్నీ దొంగిలించగల యంత్రం వీరికి మిగతావారి కంటే ఎక్కువ ప్రమాదకరం. 2023లో హైదరాబాదులో నివసించే 59 ఏళ్ల మహిళకు కెనడాలో ఉన్న మేనల్లుడి గొంతుతో రాత్రివేళ ఫోను వచ్చింది. తాను ప్రమాదంలో చిక్కుకున్నానని, డబ్బు కావాలని, ఎవరికీ చెప్పవద్దని ఆ గొంతు ప్రాధేయపడింది. ఇంట్లో మాట్లాడుకునే భాష, అదే యాస. ఆమె లక్షా నలభై వేల రూపాయలు పంపిన తరువాత అది మేనల్లుడు కాదని తెలిసింది. అదే ఏడాది చాండ్లర్‌కు సమీపంలోని స్కాట్స్‌డేల్ నగరానికి చెందిన ఒక తల్లి, కూతురి గొంతును అనుకరించి తనకు వచ్చిన బెదిరింపు ఫోను గురించి అమెరికా సెనేట్ సంఘం ముందు సాక్ష్యం చెప్పారు.

వృద్ధుల ఒంటరితనం మరొక ద్వారం. 2025 మార్చిలో న్యూజెర్సీలో నివసించే 76 ఏళ్ల వృద్ధుడు, థాయిలాండ్ నుండి వలస వచ్చినవాడు, ఫేస్‌బుక్‌లో పరిచయమైన ఒక యువతిని కలుసుకోవడానికి న్యూయార్కు బయలుదేరి, దారిలో పడిపోయి గాయపడి, కొద్ది రోజులకే మరణించాడు. పూర్వం పక్షవాతం వచ్చి ఆయన జ్ఞాపకశక్తి క్షీణించింది. ఆ యువతి మెటా సంస్థ తయారు చేసిన సంభాషణ యంత్రం. తాను నిజమైన మనిషినేనని అది పదేపదే చెప్పినదనీ, ఇంటి చిరునామా కూడా ఇచ్చినదనీ రాయిటర్స్ వార్తాసంస్థ ఆ ఏడాది ఆగస్టులో తెలియజేసింది. తెర మీద ఒక మూల అది కృత్రిమ మేధ అన్న చిన్న గుర్తు లేకపోలేదు. కాని గుర్తు ఒక మాట చెపుతూ, నోరు మరొక మాట చెపితే, ఒంటరి మనిషి దేనిని నమ్ముతాడు?

తెలుగు చలనచిత్రసీమకూ ఈ గాలి సోకింది. 2023 నవంబరులో నటి రష్మిక ముఖాన్ని వేరొకరి శరీరానికి అతికించిన వీడియో దేశమంతా తిరిగింది. 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు గుంటూరు ప్రాంతానికి చెందిన ఒక యువ ఇంజనీరును అరెస్టు చేశారు. ఆ నటి పేరిట తాను నడిపే అభిమానుల ఖాతాకు అనుచరులను పెంచుకోవడానికే ఆ పని చేశాడని పోలీసులు చెప్పారు. ఆ నెలలోనే మరొక వివాదం వచ్చింది. 2020 సెప్టెంబరు 25న పరమపదించిన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గొంతును కీడా కోలా చిత్రంలో కృత్రిమ మేధతో సృష్టించి వాడుకున్నారని ఆయన కుటుంబం చట్టపరమైన నోటీసు పంపింది. తాము సాంకేతిక విజ్ఞానానికి వ్యతిరేకులం కామనీ, అడగకుండా వాడుకోవడమే తమ అభ్యంతరమనీ కుమారుడు చరణ్ చెప్పారు. దాదాపు అదే సమయంలో ఎ.ఆర్. రహమాన్ ఒక తమిళ చిత్రంలో ఇద్దరు దివంగత గాయకుల గొంతులను ఇదే విధంగా వాడారు. కాని కుటుంబాల అనుమతి తీసుకుని, పారితోషికం ఇచ్చి వాడానని ప్రకటించారు. యంత్రం ఒకటే, విద్య ఒకటే. తేడా అంతా అనుమతిలోనే ఉన్నది.

చట్టం ఎంతవరకు?

ప్రభుత్వాలు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. అమ్మకాలకూ, ఓట్లకూ సంబంధించిన విషయాలలో మర ఖాతా మనిషినని నమ్మించి మోసగించరాదన్న చట్టం కాలిఫోర్నియాలో 2019 జూలై 1 నుండి అమలులోకి వచ్చింది. 2024 ఫిబ్రవరిలో అమెరికా సమాచార ప్రసార సంఘం, అనుమతి లేకుండా వచ్చే మర ఫోనులలో కృత్రిమ గొంతును వాడడం చట్టవిరుద్ధమని నిర్ణయించింది. అదే ఏడాది అరిజోనా రాష్ట్రం ఎన్నికలకు ముందరి 90 రోజులలో అభ్యర్థుల కృత్రిమ చిత్రాలను ప్రచారంలో వాడితే ఆ సంగతి స్పష్టంగా ప్రకటించాలని శాసించింది. ఐరోపా సమాఖ్య 2024లో తెచ్చిన చట్టంలోనూ యంత్రంతో మాట్లాడుతున్నామన్న సంగతి మనిషికి తెలియజేయాలన్న నియమం ఉన్నది.

అరిజోనా సుప్రీం కోర్టు స్వయంగా ఒక అడుగు వేసింది. 2025 మార్చిలో డేనియల్, విక్టోరియా అన్న రెండు కృత్రిమ రూపాలను తీర్పుల సారాంశాన్ని ప్రజలకు వినిపించడానికి నియమించింది. వాటి వెనుక ఉన్నది న్యాయస్థానమే. ఆ రూపాలు యంత్రాలన్న సంగతి ప్రకటితమే. తప్పు జరిగితే అడగడానికి ఒక చిరునామా ఉన్నది. మనిషిని పోలి ఉండడమే నేరం కాదనడానికి ఇది ఉదాహరణ.

ఐతే చట్టం సరిహద్దు దగ్గర ఆగిపోతుంది. కంబోడియాలో ఒక గదిలోంచి విశాఖకు, విశాఖ నుండి చాండ్లర్‌కు వచ్చే సందేశానికి ఏ రాష్ట్రపు చట్టం వర్తిస్తుంది? అందుచేత మిగతా జాగ్రత్త ఇంటివారే తీసుకోవాలి. ఇంటిల్లిపాదికీ తెలిసిన, బయటివారెవ్వరికీ తెలియని ఒక సంకేతపదం ఏర్పరచుకోవడం మంచిది. అమ్మమ్మ చేసే పచ్చడి పేరైనా, తాతగారు చిన్నప్పుడు పెట్టిన ముద్దుపేరైనా సరిపోతుంది. ఆపదలో ఉన్నామని ఎవరు ఫోను చేసినా, పెట్టివేసి, ముందే తెలిసిన నంబరుకు తిరిగి చేయాలి. తొందరపెట్టడం, ఎవరికీ చెప్పవద్దనడం, డబ్బడగడం, ఈ మూడూ కలిసి వస్తే అనుమానించవలసినదే. కోపం తెప్పించే వార్త చూసినప్పుడు పదిమందికీ పంపే ముందు పది నిమిషాలు ఆగడం వల్ల నష్టపోయినవారు లేరు. అన్నిటికంటే ముఖ్యంగా, స్వదేశంలో ఒంటరిగా ఉన్న పెద్దలతో వారానికి నాలుగుసార్లు మాట్లాడేవారు ఇంట్లో ఉంటే, వారితో మాట్లాడడానికి యంత్రం అవసరం అంతగా రాదు.

ఖాళీ ఆసనం, నిండిన తెర

చాండ్లర్ వీధులలో డ్రైవరు లేని కార్లు తిరగడం వింత కాదు. వేమో సంస్థ 2016లోనే ఇక్కడ ప్రయోగాలు ప్రారంభించి, 2018 డిసెంబరులో చాండ్లర్‌తో సహా చుట్టుపక్కల ఊళ్లలో బాడుగ కార్ల సేవను మొదలుపెట్టింది. ఆ కారు పక్కన వచ్చి ఆగితే డ్రైవరు స్థానం ఖాళీగా ఉన్న సంగతి చిన్నపిల్లలకు సైతం కనిపిస్తుంది. కారు మీద సంస్థ పేరు రాసి ఉంటుంది. ప్రమాదం జరిగితే ఎవరిని అడగాలో తెలుసు. ఆ ఖాళీ ఆసనంలో ఒక ప్లాస్టిక్ బొమ్మను కూర్చోబెట్టి, చొక్కా తొడిగి, చేయి ఊపేటట్లు చేసి, పేరు చెరిపేసి రోడ్డు మీదకు పంపితే ఏ నగరమూ ఒప్పుకోదు. సాంఘిక మాధ్యమాలలో మాత్రం సరిగ్గా అదే జరుగుతున్నది.

మన తోలుబొమ్మలాటలో బొమ్మ రాముడై పలుకుతుంది, సీతమ్మై దుఃఖిస్తుంది. తెల్లవార్లూ కూర్చుని చూసిన పల్లెవాసులు బొమ్మతో పాటు ఏడ్చారు, నవ్వారు. కాని తెర వెనుక దీపం ఉన్నదనీ, బొమ్మను ఆడించే చేయి ఉన్నదనీ, ఆ ఆటగాడు తెల్లవారాక తమ ఇంటికే గింజలకు వస్తాడనీ వారికి తెలుసు. తెలిసి ఏడ్చారు కనుక అది కళ అయినది. చాండ్లర్ మృతుడి వీడియో చూసి న్యాయస్థానం చలించినప్పుడు కూడా దాని వెనుక ఒక సోదరి ఉన్నదని అందరికీ తెలుసు. అంతమాత్రాన ప్రశ్నలన్నీ తీరిపోలేదు. మరణించినవారి తరఫున మాట్లాడే అధికారం ఎవరికి, ఎంతవరకు ఉన్నదన్న చర్చ ఇంకా సాగుతూనే ఉంటుంది. కాని కనీసం ప్రశ్న అడగడానికి ఎదురుగా ఒక మనిషి నిలబడి ఉన్నది.

ఇకమీదట తెర మీద కనిపించేది మనిషా, యంత్రమా అని తేల్చుకోవడం నిపుణులకు కూడా కష్టమవుతుంది. అందుచేత అడగవలసిన ప్రశ్నను కొద్దిగా మార్చుకోవడం మంచిది. ఈ పలుకు ఎవరిది? ఎవరి తరఫున? ఎవరి అనుమతితో? రేపు ఇది అబద్ధమని తేలితే జవాబు చెప్పడానికి ఎవరు వస్తారు? ఈ నాలుగింటికీ సమాధానం దొరికితే పలికినది యంత్రమైనా వినవచ్చు. దొరకకపోతే, ముఖం ఎంత చక్కగా నవ్వినా, తెలుగు ఎంత తియ్యగా మాట్లాడినా, డబ్బూ, ఓటూ, మనసూ ఇవ్వకుండా తలుపు వేసుకోవడమే విజ్ఞత.